గోపిగాడితో నా వైరం

లోకంలో మగవాళ్ళు రకరకాల వాటి మీద అసూయ పడతారు. ఒకడికి పక్కింటాయన కారు మీద, ఇంకొకడికి తోడల్లుడి జీతం మీద, నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలినవాడికి చిన్ననాటి స్నేహితుడి జుట్టు మీద. నేను ఒక దిండు మీద అసూయ పడ్డాను. పడి ఊరుకున్నా బాగుండేది. పగబట్టాను, దాని పొట్ట చీల్పించాను, ఆ పాపం ఊరికే పోకుండా నా నడుము పట్టుకుపోయింది. ఇది ఆ విధ్వంసం కథ. మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. మాది దర్శి పక్కన పల్లెటూరు. నాన్న పత్తీ, మిరపా వేస్తాడు. నేను దర్శిలో ఎరువుల కొట్టు పెట్టుకుని, ఆ కొట్టు పైన మేడే అద్దెకి తీసుకుని ఉంటున్నాను. మా ఆవిడ శారదది చీరాల. బళ్ళో లెక్కలు చెబుతుంది. పెళ్ళిచూపుల్లో నేను బజ్జీ నోట్లో పెట్టుకోబోతుంటే తనే నన్ను వరండాలోకి పిలిచి మాట్లాడింది.

"ముందే చెప్పడం మంచిదండీ. నా కీళ్ళు వదులు. పుట్టుకతోనే. ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునే కట్టు ఉంటుంది చూడండి, అది నాకు సాగిపోతుంది. ఉత్త పుణ్యానికి భుజం జారుతుంది. వేళ్ళు వెనక్కి వంగిపోతాయి. ఎక్కువసేపు నిలబడితే ఒళ్ళంతా నొప్పి. మందేస్తే పోయేది కాదు, చచ్చేంత జబ్బూ కాదు. జాగ్రత్తగా ఉంటే బానే ఉంటాను. డాక్టర్లు దీనికో పెద్ద ఇంగ్లీషు పేరు చెప్పారు, కావాలంటే రాసిస్తా."

ఆ సూటితనానికి నేను అక్కడే పడిపోయాను. చేతిలో బజ్జీ ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, "పేరెందుకులెండి, నేనున్నాను కదా" అన్నాను, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి.

"మీరుంటారు, సరే. నా సామాను కూడా ఉంటుంది" అంది.

"ఎంత సామానండీ?"

"చూస్తారుగా."

చూశాను. కాపురానికి వచ్చిన రోజు కారు డిక్కీలోంచి ఒక్కొక్కటే దిగుతుంటే మా వీధి వాళ్ళు మందుల కొట్టు పెడుతున్నామనుకున్నారు. మోకాలికి పట్టీలు, మణికట్టుకి పట్టీలు, పిక్కల్ని బిగించి పట్టే పొడుగు మేజోళ్ళు. వేళ్ళు వెనక్కి విరగకుండా ఆపే వెండి కట్లు, చూడ్డానికి ఉంగరాల్లాగే ఉంటాయి. సీసా మూతలు తిప్పే రబ్బరు బిళ్ళ. వంగకుండా కింద పడ్డవి అందుకునే పొడుగు పట్టకారు. లావు పిడుల గరిటెలు, స్నానానికి స్టూలు, వేడి చేసి మెడ మీద వేసుకునే గోధుమల సంచి. ఇవన్నీ దిగాక అట్టడుగున మిగిలింది పెళ్ళికూతురి సూట్‌కేసు, అది కూడా చిన్నది.

నేను చదువుకున్నవాణ్ణి, పురుగుమందు డబ్బా మీది చిన్న అక్షరాలు కూడా పూర్తిగా చదివేవాణ్ణి. ఇవన్నీ మా ఆవిడకి అవసరమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మండకుండా ఉంటుందా? నిశ్చితార్థానికి నేను తొడిగిన ఉంగరం మొదటివారమే బీరువాలోకి వెళ్ళింది, ఆ వేలికి వెండి కట్టు కావాలట. బిగుసుకున్న పచ్చడి సీసా మూత తీసివ్వడం భర్తకి భగవంతుడిచ్చిన బంగారంలాంటి అవకాశం. నేను లుంగీ ఎగ్గట్టి వంటింట్లోకి వెళ్ళేసరికి రబ్బరు బిళ్ళ ఆ పని చేసేసి గోడకి వేలాడుతుండేది. అలమరలో పైన ఉన్నది అందిద్దామంటే పట్టకారు నాకన్నా పొడుగు. పోనీ మోకాలి పట్టీల సంగతి. వాటిని చంటిపిల్లల షాంపూతో మెత్తగా పిసికి నీడన ఆరేయాలి, లేకపోతే సాగిపోతాయి. వాటికి తలంటు పోసేది నేనే. నా బనీన్లకి మాత్రం బట్టల సబ్బే గతి.

ఒక్క పని మాత్రం నాకు దక్కింది. తాళింపు. శారద గట్టిగా తుమ్మిందంటే భుజం చోటు తప్పుతుంది, ఒక్కోసారి పక్కటెముక కూడా. అందుకని ఎండుమిరపకాయ నూనెలో పడే ప్రతి తాళింపూ తను ఇంట్లో లేనప్పుడు, వంటింటి తలుపు మూసి, కిటికీ తీసి నేను పెట్టేవాణ్ణి. మిరప పండే ఊళ్ళో పుట్టి, మిరప ఘాటు నుంచి పెళ్ళాన్ని కాపాడుతున్నానని నాకెంత గర్వమో చెప్పలేను. ఈ గర్వాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దీని గాలి తీసేది కూడా నేనే.

ఇక అసలు శత్రువు దగ్గరికి వద్దాం.

తను కాపురానికి వచ్చిన మర్నాడే, ఆదివారం మధ్యాహ్నం, కొట్టు కట్టేసి మెట్లెక్కుతున్నాను. లోపల్నించి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఒరేయ్ గోపీ, కాస్త ఇటు జరగరా. ఆ, అట్టా. ఇప్పుడు హాయిగా ఉంది."

మెట్ల మీద నా కాళ్ళు అతుక్కుపోయాయి. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, నా ఇంట్లోకి నేనే దొంగలా నడిచి, పడగ్గది తలుపు తోశాను. మంచం మీద శారద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. తన చుట్టూ తిరునామం ఆకారంలో, మనిషి పొడుగున ఒక దిండు. ఒక కొమ్ము వీపు వెనక, ఒక కొమ్ము మోకాళ్ళ మధ్య, మెడ కింద వంపు. ముందురోజు సామాను దిగేటప్పుడు సంచిలో చుట్టి ఉంటే పరుపనుకున్నాను.

"గోపీ ఎవరు?" అన్నాను, గొంతు సవరించుకుని.

"వీడే" అంటూ దిండు మీద రెండు తట్లు తట్టింది. "హాస్టల్లో ఉన్నప్పటి నుంచి నాతోనే ఉన్నాడు. మంచోడు. నోరెత్తడు."

"దిండుకి పేరేంటి?"

"ఇంత చాకిరీ చేసేవాడికి ఆ మాత్రం పేరు పెట్టకపోతే ఎట్టాగండీ?"

చూశారా. నేను 'ఏవండీ'ని. నన్ను 'మీరు' అంటుంది, కాఫీ ఇచ్చేటప్పుడు కూడా బ్యాంకు మేనేజరుకి ఇచ్చినట్టు ఇస్తుంది. వాడు 'ఒరేయ్'. ఆ ఒరేయ్‌లో ఉన్న చనువు కొత్త పెళ్ళికొడుక్కి ఎక్కడ గుచ్చుకుంటుందో పెళ్ళయిన మీకు వేరే చెప్పక్కర్లేదు. పైగా మంచం నిండా వాడే. నేను అంచున గోడమీది బల్లిలా అతుక్కుని పడుకోవాలి. నా పెళ్ళాం పక్కన పడుకోవాలంటే మధ్యలో గోపి, అటు తిరిగితే అటు గోపి, ఇటు తిరిగితే ఇటు కూడా గోపే.

"మీరేమన్నా కుళ్ళుకుంటున్నారా?" అని ఒకరోజు అడిగింది కూడా.

"ఛ. దిండు మీదా?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట అంటూనే నేను గోపిని అరచేత్తో అవతలికి నెడుతున్నాను.

ఓర్చుకున్నాను. కానీ చీరాల ప్రయాణంతో నా ఓర్పు పూర్తిగా తెగింది. మా బావమరిది కారు తీసుకుని అక్కని పుట్టింటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. ముందు సీటు నిండా వాళ్ళ అమ్మకి నేను కొన్న బియ్యం మూటా, పప్పులూ. వెనక సీట్లో శారద, గోపి. కారు కుదుపులకి మెడ కదలకుండా వాడుండాలట.

"బావా, నువ్వు బస్సులో వచ్చెయ్, సరేనా" అన్నాడు బావమరిది.

వచ్చేశాను. అద్దంకి దాకా నిలబడి, అక్కణ్ణించి ఒక కోళ్ళ గంప పక్కన కూర్చుని. అత్తగారింటికి చేరేసరికి గోపి నడవాలో సోఫా మీద ఫ్యాను కింద పడుకుని ఉన్నాడు. మా అత్తగారు వేటపాలెం జీడిపప్పు గిన్నె పట్టుకొచ్చి, "కూర్చోండి అల్లుడుగారూ" అని, కూర్చోడానికి చోటు లేక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించారు. ఆ కుర్చీలో జీడిపప్పు నములుతూ నేను ఒక నిర్ణయానికి వచ్చాను. వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి.

దిండుని దాచేస్తే దొరుకుతుంది. పారేస్తే ఇంకోటి కొంటుంది. బాగా ఆలోచించాక నాకు అద్భుతమైన ఉపాయం తట్టింది. అద్భుతమైన ఉపాయాలన్నీ కడుపు మంటలోంచే వస్తాయి, అందుకే అవి మాడు వాసన వేస్తాయి. గోపి లోపల ఉన్నది స్పాంజి. నేను పత్తి రైతు కొడుకుని. ఆ తొడుగు అలాగే ఉంచి, లోపలి స్పాంజి తీయించి, మా చేలో పండిన పత్తి కూరిస్తే? శారద దగ్గరికి తీసుకునేది నా పత్తిని. అంటే నన్నే. పైకి గోపి, లోపల నేను. ఈ తర్కంలో తప్పేంటో నాకు ఆ రోజు కనపడలేదు.

తను బడికి వెళ్ళగానే బండి తీసి మా ఊరు వెళ్ళాను. మిరపకాయలు కల్లంలో ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కూలీలు రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. అమ్మ కొట్టంలో ఉంది. నాన్న ఏటా మిల్లులో గింజ తీయించి ఇంటికోసం కాస్త దూది ఉంచుతాడు, పరుపులకీ దీపాల వత్తులకీ.

"దూది ఎందుకురా?" అంది అమ్మ.

"దిండుకి."

"కోడలుపిల్లకి మంచి దిండుందిగా. గోపీనో ఏదో."

వాడి పేరు మా అమ్మకి కూడా తెలుసు. నా పుట్టినరోజే మర్చిపోయిన మనిషి.

"దానికేనమ్మా. స్పాంజి మంచిది కాదు, వేడి చేస్తుంది" అన్నాను.

"సంచీ తెచ్చుకున్నావా?"

"ఇక్కడ ఏదో ఒకటి ఉంటుందిలే."

ఉంది. గోడకి ఖాళీ మిరపకాయల టిక్కీలు దొంతరగా పేర్చి ఉన్నాయి. గుంటూరు యార్డుకి మిరపకాయలు తొక్కి తొక్కి నింపే పెద్ద గోతాలు అవి. ఒకటి లాగి దూది కూరడం మొదలుపెట్టాను.

"ఒరేయ్, అది దులిపి పెట్టుకోరా" అంది అమ్మ.

"దులిపాన్లే" అన్నాను. ఒకసారి గాల్లో ఆడించడాన్ని దులపడం అంటే, దులిపినట్టే.

మీరడగొచ్చు, ఘాటు తెలియలేదా అని. మా ఊళ్ళో ఆ రోజుల్లో గాలే మిరప. కల్లం పక్కన పుట్టి పెరిగినవాడి ముక్కు ఎప్పుడో రాజీనామా చేసి ఉంటుంది. నీళ్ళలో ఉన్న చేపకి తడి తెలియదంటారు, నా పరిస్థితీ అంతే.

దర్శిలో పరుపులు కుట్టే మస్తాన్ గారి కొట్టు ఉంది. వాళ్ళ తాతల నాటి నుంచీ దూదేకడమే పని. ఆయనకి పత్తి అంటే ప్రాణం, స్పాంజి అంటే పగ. గోపిని బల్ల మీద పడేయగానే రెండు వేళ్ళతో నొక్కి చూసి మొహం చిట్లించాడు.

"పత్తి పండే గడ్డ మీద పుట్టి రబ్బరు మీద పడుకుంటన్నారా ప్రసాద్ గారూ? కలికాలం అండీ."

"అందుకేగా తెచ్చాను. ఇది తీసేసి నా దూది కూరండి. గట్టిగా కూరండి."

"ఎంత గట్టిగా?"

"మగాడిలా ఉండాలి" అన్నాను.

ఆయన నా వంక ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కత్తెర తీశాడు. గోపి పొట్ట చీలుతుంటే నాకు కలిగిన ఆనందం సభ్యసమాజంలో రాయదగినది కాదు. తర్వాత మస్తాన్ గారు మిషన్లో దూది ఏకడం మొదలుపెట్టాడు, మొదలుపెట్టిన వెంటనే తుమ్మాడు. ఏకినంతసేపూ తుమ్ముతూనే ఉన్నాడు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, "వాతావరణం మారిందండీ, జలుబు చేసేట్టుంది" అన్నాడు.

"అల్లం టీ తాగండి" అని సలహా ఇచ్చాను నేను, మహా పెద్ద వైద్యుడిలా.

"ఈ స్పాంజి ఏం చేయమంటారు?"

"ఏమన్నా చేసుకోండి. నా కళ్ళకి మాత్రం కనపడకూడదు."

మధ్యాహ్నానికి కొత్త గోపిని భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. వాడి బరువుకి బండి ఒక పక్కకి లాగుతూనే ఉంది. మంచం మీద పడేస్తే ధబ్‌మని చప్పుడైంది. శారద బడి నుంచి రావడానికి ఇంకా టైముంది. ముందు నేను పరీక్షించి చూద్దామనుకున్నాను, మెత్తగా ఉన్నాడో లేదో అని కాదు, ఓడిపోయిన శత్రువు మీద ఒకసారి కాలు వేసి పడుకోవాలన్న కోరిక. తను పడుకున్నట్టే పక్కకి తిరిగి, ఒక కొమ్ము వెనక్కి, ఒక కొమ్ము కాళ్ళ మధ్యకి పెట్టుకుని, ఇన్ని నెలల కసీ కలిపి రెండు చేతులతో గట్టిగా పిసికాను.

గోపి ఊపిరి వదిలాడు. సన్నటి ఎర్రటి పొడి కుట్ల సందుల్లోంచి బుస్సుమని నా మొహం మీదికి వచ్చింది.

మొదటి తుమ్ము మామూలుగానే వచ్చింది. రెండోది వచ్చేటప్పుడు నేను దిండులో చిక్కుకుని మెలితిరిగి ఉన్నాను. తుమ్మిన ప్రతిసారీ చేతులు బిగుసుకోవడం, బిగుసుకున్న ప్రతిసారీ వాడు ఇంకొంచెం పొడి ఊదడం. నేను వాణ్ణి నొక్కుతున్నానో, వాడు నన్ను కొడుతున్నాడో తెలియని స్థితిలో నడుములో ఏదో 'టిక్' మంది. అంతే. కుడికీ లేదు, ఎడమకీ లేదు. ఎండ్రకాయలా వంకర తిరిగి, శత్రువుని గుండెకి హత్తుకుని, కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుస్తూ అలాగే ఉండిపోయాను.

మెట్ల మీద శారద అడుగుల చప్పుడైంది.

"ఏవండీ, ఏంటీ ఘాటు? తాళింపు పెట్టి తలుపు తీసేశారా?"

అప్పుడు నా బుర్ర వెలిగింది. ఒక్క తుమ్ముకి భుజం జారే మనిషి కోసం, వంటింట్లో ఒక్క మిరపకాయ వాసన రానివ్వని నేను, ఏకంగా పడగ్గదిలో పరుపు మీద మిరప బాంబు పెట్టాను. తను రోజూ ముక్కు ఆనించి పడుకునే చోట.

"శారదా, లోపలికి రాకు. ముక్కు మూసుకో" అని అరిచాను, అరిచి ఇంకోసారి తుమ్మాను, తుమ్మి నడుము నొప్పికి అమ్మా అన్నాను.

అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు సగం మూతపడ్డాయి, నోరు తెరుచుకుంది. కుడిచేత్తో ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని, పైపెదవి మీద వేలు నొక్కిపెట్టి అలా నిలబడింది. నేను జీవితంలో దేవుణ్ణి పంటల కోసం, పరీక్షల కోసం మొక్కుకున్నాను. ఒక తుమ్ము రాకూడదని మొక్కుకోవడం అదే మొదలు.

తుమ్ము వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. శారద కొంగు ముక్కుకి చుట్టి వెనక ముడేసుకుంది. వంటింట్లోకి వెళ్ళి పొడుగు పట్టకారు తెచ్చి, దూరంగా నిలబడి, నా చేతుల్లోంచి దిండుని పట్టుకుని లాగింది. కదలలేదు. "వదలండి" అంది. "వదిలాను, అదే వదలట్లేదు" అన్నాను. చివరికి కొంచెం కొంచెంగా లాక్కెళ్ళి డాబా మీద పడేసి, కిటికీలు తెరిచి వచ్చింది.

"వీడు గోపీయే కదా. ఇంత బరువెక్కాడేంటి? వీడి లోపల ఏముంది?"

ఇక దాచేదేముంది. నాన్న పత్తి, ఖాళీ టిక్కీ, మస్తాన్ గారి జలుబు, అన్నీ చెప్పాను. మెలితిరిగిన మనిషి చెప్పే నిజాలకి గౌరవం తక్కువగా ఉంటుంది. అయినా పూర్తిగా విన్నది.

"లోపలి స్పాంజి ఏదండీ?"

మస్తాన్ గారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆయన తుమ్మి, "అది ఇందాకే ఆటో సీటుకి కొట్టేశామమ్మా. భలే కుదిరింది. బండి పొదిలి వెళ్ళింది" అన్నాడు.

శారద స్నానాల స్టూలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

"వాడు రాకముందు నేను పొద్దున్నే లేవగానే ఏం చేసేదాన్నో తెలుసా?" అంది. "కళ్ళు తెరవకుండా ముందు తడుముకునేదాన్ని. ఏ కీలు చోటులో ఉంది, ఏది జారింది అని. అమ్మ ఎన్ని దిళ్ళు మార్చిందో. వీడొచ్చాక ఒకరోజు తడుముకోకుండానే లేచిపోయి పళ్ళు తోముకుంటన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. బ్రష్షు నోట్లో పెట్టుకుని ఏడ్చానండీ. అందుకే పేరు పెట్టుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. అప్పటికే మిరప వల్ల కళ్ళు కారుతున్నాయి కాబట్టి తనకి తేడా తెలియలేదు. నా పెళ్ళాం నొప్పి లేకుండా నిద్రలేవడాన్ని నేను కత్తెర పెట్టి చీల్పించి, ఆటో సీటు చేసి పొదిలి పంపించాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, నడుము సహకరిస్తే.

"అసలు ఎందుకు చేశారండీ ఈ పని?"

"నీ పక్కన ఎప్పుడు చూసినా వాడే ఉంటాడు. నేనుండను" అన్నాను. గోడ వైపు తిరిగి చెబుదామనుకున్నాను గానీ తిరగడం కుదరలేదు, మొహం చూస్తూనే చెప్పాల్సి వచ్చింది.

శారద స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "ఆ మాట నోటితో చెప్పొచ్చుగా" అంది. అని లేచి నా నడుము సంగతి చూడటం మొదలుపెట్టింది.

అక్కణ్ణించి నా శత్రువుల సైన్యమంతా వచ్చి నాకే సేవ చేసింది. గోధుమల సంచి వేడెక్కి నడుము కిందికి వచ్చింది. తన నడుము బెల్టు నాకు సరిపోక ఆఖరి కొక్కేనికి వేలాడింది. "నడుం తిప్పకండి, భుజమూ తుంటీ కలిపి దుంగలా దొర్లండి" అని నేర్పించింది. మేజోడు తొడిగే సాధనం, లేచేటప్పుడు పట్టుకునే కర్ర, స్టూలు, అన్నీ. డాక్టరు వచ్చి కండ పట్టేసిందని, కొన్నాళ్ళు బుద్ధిగా పడుకోమని చెప్పి వెళ్ళాడు. కొట్టు చూడ్డానికి ఊరినుంచి నాన్న, నన్ను చూడ్డానికి అమ్మ వచ్చారు. అమ్మ డాబా మీది దిండు వాసన చూసి వచ్చి నా తల దగ్గర నిలబడింది.

"దులిపానన్నావు కదరా."

"దులిపానమ్మా."

"టిక్కీ దులిపావా, చేతులు దులుపుకున్నావా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మొదలైన నవ్వే, ఇప్పటికీ ఆగలేదు.

కొత్త దిండుకి ఆర్డరు పెట్టాం. రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. ఈలోగా శారద ఎలా పడుకోవాలన్నది పెద్ద ప్రశ్న. మామూలు దిళ్ళు జారిపోతున్నాయి. రెండు రోజులు కీళ్ళు తడుముకుంటూ లేచింది. నేను చూశాను, ఒక్కొక్క వేలూ, మణికట్టూ, భుజమూ. చూసి కళ్ళు మూసుకున్నాను. మూడోరోజు బడి నుంచి వచ్చి, కదలకుండా పడి ఉన్న నన్ను తల నుంచి కాళ్ళదాకా పరుపు కొలత తీసుకున్నట్టు చూసింది.

"మీరెటూ కదలకూడదు కదా."

"కూడదు."

"కదలరు కదా?"

"కదల్లేను."

నా చెయ్యి తీసి తన మెడ కిందికి పెట్టుకుంది. భుజం కింద నా ఛాతీ, మోకాలి కింద నా మోకాలు. రెండు మూడుసార్లు సర్ది, "కొంచెం గట్టి. పర్లేదు" అంది. ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. ఏ చోటు కోసం నేను దిండుని హత్య చేయించానో ఆ చోటు నాకు దక్కింది. చెయ్యి తిమ్మిరెక్కింది, ముక్కు దురద పెట్టింది, చీమ ఒకటి చెవి మీదుగా ప్రయాణం చేసింది. కదిలితే ఒట్టు. తను నిద్రలేచి తడుముకోకుండా నేరుగా టీ పెట్టడానికి వెళ్ళినప్పుడు, నన్ను కన్నందుకు మా అమ్మానాన్నలకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"ఎట్టా ఉన్నాను?" అని అడిగాను టీ తాగుతూ.

"గురక పెడుతున్నారు. మిగతాదంతా బానే ఉంది" అంది. అనడమే కాదు, కప్పు తీసుకుంటూ, "ఒరేయ్, జరుగు" అంది. అని నాలిక కరుచుకుంది. నేను విననట్టు జరిగాను. నొప్పి కూడా తెలియలేదు.

నా నడుము బాగుపడ్డ వారంలోనే కొత్త దిండు వచ్చింది. అదే తిరునామం, అదే మెత్తదనం. నేనే కట్లు విప్పి, నేనే మంచం మీద పరిచి, పదవీ విరమణ చేసిన మాస్టారిలా పక్కకి తప్పుకున్నాను. గుండెలో మాత్రం పాత మిరపకాయ ఒకటి మళ్ళీ చిటపటలాడింది. శారద పడుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. లేచి కూర్చుని దిండు వంకా, నా వంకా చూసింది.

"దిండు బానే ఉందండీ. కానీ కొత్తది కదా, వెనక కొమ్ము జారిపోతోంది. మీరు దాని వెనక పడుకుని వీపుతో ఆపుతారా?"

అదండీ నాకు దక్కిన స్థానం. భార్యకి దిండు ఆసరా, దిండుకి నేను ఆసరా. ఎవణ్ణి తరిమేయాలని ఊళ్ళు తిరిగానో, వాడు జారకుండా కాపలా కాసే ఉద్యోగం నాకిచ్చారు. ఇంత జరిగాక ఎద్దు పుండు కాకికి ముద్దా అని నేనెవర్నీ అనలేను, ఆ కాకిని నేనే కాబట్టి.

కాబట్టి పత్తి చేను సాక్షిగా, మిరప కల్లం సాక్షిగా, ముక్కున్న మనుషులందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఏ దిండు మీదా, పట్టీ మీదా, పట్టకారు మీదా అసూయపడను. పడినా కత్తెర పట్టుకోను. మనసులో ఏముందో దిండుతో కాక మా ఆవిడతోనే చెబుతాను. మిరపకాయల టిక్కీలో మిరపకాయలు తప్ప ఇంకేమీ పెట్టను. ఈ ప్రతిజ్ఞని ఇంకా గంభీరంగా, ఇంకో పేజీ రాద్దామనుకున్నాను గానీ, లోపల్నించి పిలుస్తోంది.

"ఏవండీ, వీడు మళ్ళీ జారుతున్నాడు."

వస్తున్నా.